సెలెక్ట్ కాని పిల్లలతోని నాలుగు మాటలు

(గణిత ఒలింపియాడ్ పరీక్షలు రాసిన విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

ముంగటి వరుసలు ఖాళీ ఉంచి ఎనక గోడకానుకొని కూసున్న తమ్ముళ్లకు, చెల్లెండ్లకు నమస్కారం. మీరు ఎనక ఎందుకు కూసున్నరో మాకు తెలుసు. లిస్టు వచ్చింది. లిస్టులో పేరున్నోళ్లు ఇయ్యాల ఇక్కడ లేరు, వాళ్లు తర్వాతి రౌండుకు తయారవుతున్నరు. పేరు లేనోళ్లనే పిలిచినం. మన దగ్గర ర్యాంకు వచ్చినోళ్లకు శాలువా కప్పే మీటింగులు మస్తుగ అయితయి గని, రానోళ్లను పిలిచి కుర్చీ వేసి కూసోబెట్టే మీటింగు ఎవ్వరూ పెట్టరు. అందుకే మీకు కొంచెం కొత్తగ ఉండొచ్చు.

మేము లెక్కల పంతుళ్లం గాదు. డిగ్రీ చదివి పత్రికల రాసుకుంట బతుకుతున్నోళ్లం. ధర్నాలల్ల, రాస్తారోకోలల్ల మైకు పట్టుకున్నం తప్ప బోర్డు ముంగట సుద్దముక్క పట్టుకోలేదు. అయితే ఈ పరీక్షల గురించి రాయాలని కూసున్నప్పుడు పాత పేపర్లు తెచ్చుకొని ముంగటేసుకున్నం. రాసిన పిల్లలతోని మాట్లాడినం, చెప్పే సార్లతోని మాట్లాడినం. అట్ల తెలుసుకున్నది, తెలుసుకున్నంక అనిపించింది మీ ముందర పెడుతున్నం.

ముందుగాల ఒక గందరగోళం తీసెయ్యాలె. ‘ఒలింపియాడ్’ అనే మాట ఇప్పుడు బడి బోర్డుల మీదికి ఎక్కింది. బడి పేరు ఎనక ఆ మాట తగిలిస్తే చాలు, ఫీజు పెరుగుతది. ప్రైవేటు సంస్థలు ఒకటో తరగతి పిల్లల కాడ్నుంచి ఒలింపియాడ్ పేరు మీద ఆబ్జెక్టివ్ పరీక్షలు పెడుతయి. బడిలోనే రాపిస్తయి, బడిలోనే మెడల్ ఇస్తయి. రాయొద్దని మేం అనం, పిల్లలకు సరదా. కానీ ఆ మెడల్ చూసుకొని మా పిల్ల దేశం తరఫున పోతదని మురిసే తల్లిదండ్రులు ఉన్నరు. ఆ తొవ్వ వేరు, ఈ తొవ్వ వేరు.

దేశం తరఫున పంపే పోటీకి మొదటి మెట్టు ఐఓక్యూఎం. 8వ తరగతి నుంచి 12 దాక చదివేటోళ్లు రాస్తరు. 30 ప్రశ్నలు, 3 గంటలు, 100 మార్కులు. పదింటికి రెండేసి, పదింటికి మూడేసి, పదింటికి ఐదేసి మార్కులు. ఆప్షన్లు ఉండవు. జవాబు 00 నుంచి 99 దాక ఏదో ఒక సంఖ్య, అది మీరే తేల్చాలె. అది దాటితే ఆర్‌ఎంఓ. 6 లెక్కలు, 3 గంటలు. ఇక్కడ జవాబు ఒక్కటి రాస్తే చెల్లదు, ఎందుకట్లనో రుజువు రాయాలె. దాని తర్వాత జనవరిలో ఐఎన్‌ఎంఓ, 6 లెక్కలు, నాలుగున్నర గంటలు. అది కూడా గెలిస్తే శిక్షణ శిబిరం. ఆ శిబిరం నుంచి చివరికి ఆరుగురిని తీస్తరు. ఆ ఆరుగురు అంతర్జాతీయ గణిత ఒలింపియాడ్‌కు పోతరు. 1959లో రుమేనియాలో మొదలైన ఆ పోటీకి ఇండియా 1989 నుంచి పోతున్నది.

ఆరుగురు. 140 కోట్ల మంది ఉన్న దేశం నుంచి ఏడాదికి ఆరుగురి కంటె ఎక్కువ పోనీకె లేదు. లోతుగ ఆలోచించుండ్రి, ఈ నిచ్చెన ఎక్కేటోళ్లల్ల దాదాపు అందరూ ఏదో ఒక మెట్టు కాడ ఆగిపోతరు. ఆగిపోయేటట్టే దాన్ని కట్టిన్రు. సెలెక్షన్ వస్తేనే చదివింది పనికొచ్చినట్టు, రాకపోతే దండుగ అని లెక్క వేస్తే, ఈ దేశంలో రాత్రుళ్లు కూసొని ఆ లెక్కలు చేసిన పిల్లలందరి కష్టం దండుగే అన్నట్టు. అట్లయితే ఈ పరీక్ష పెట్టుడే అన్యాయం. మేము అట్ల అనుకోవట్లేదు. లిస్టులో పేరు రాకపోయినా చేతిలో ఏం మిగులుతదో, అది మిగిలేటట్టు తయారు కావాలె. ఇంత దూరం వచ్చి మేం చెప్పాలనుకున్నది ఇదే.

ఏం మిగులుతదని అడుగుతరు. ఒక లెక్క చూద్దాం.

ఈ హాల్లో నుంచి ఎవరన్న ఆరుగురిని లేపి నిలబెట్టుండ్రి. వాళ్ల మొఖాలు చూడకుండనే మేం ఒక మాట చెప్తం. ఆ ఆరుగురిలో ఒకరినొకరు ఎరిగిన ముగ్గురన్న ఉంటరు, లేకపోతే ఒకరికొకరు అసలే ఎరుక లేని ముగ్గురన్న ఉంటరు. రెండిట్ల ఒకటి తప్పదు. ఇది 1947లో హంగరీ దేశం తన పిల్లలకు పెట్టిన పోటీలో ఇచ్చిన లెక్క. హంగరీలో ఇట్లాంటి పోటీలు 1894 నుంచే ఉన్నయి. ఈ లెక్కకు సూత్రం లేదు, ఎక్స్ లేదు, వై లేదు. పదో తరగతి పుస్తకం మొత్తం నోటికొచ్చినా ఇది రావాలని లేదు. ఎనిమిదో తరగతి పిల్లకు వచ్చినా వస్తది.

ఎట్లనో చూడుండ్రి. ఆరుగురిలో ఒకరిని పట్టుకుందాం, ఆమె లక్ష్మి అనుకుందాం. మిగిలింది ఐదుగురు. ఆ ఐదుగురు లక్ష్మికి ఎరుకున్నోళ్లన్న కావాలె, ఎరుక లేనోళ్లన్న కావాలె. ఐదుగురిని రెండు కుప్పలు పెడితే ఏదో ఒక కుప్పలో ముగ్గురికి తక్కువ పడరు. సరే, లక్ష్మికి ఎరుకున్న ముగ్గురు దొరికిన్రు అనుకుందాం. ఆ ముగ్గురిలో ఏ ఇద్దరికి ఒకరినొకరు ఎరుకున్నా, ఆ ఇద్దరు, లక్ష్మి కలిసి మనకు కావాల్సిన ముగ్గురైతరు. ఏ ఇద్దరికీ ఎరుక లేదంటే, ఆ ముగ్గురే ఒకరికొకరు ఎరుక లేని ముగ్గురు. లక్ష్మికి ఎరుక లేనోళ్లు ముగ్గురు పడ్డా ఇదే మాట తిప్పి చెప్పుకోవాలె. అయిపోయింది. ఐదుగురితోని మాత్రం ఇది కుదరదు. ఐదుగురిని గుండ్రంగ కూసోబెట్టి, పక్కపక్కనున్నోళ్లకే ఎరుక అనుకొని చూడుండ్రి, మా మాట తప్పుతది.

చెప్తే రెండు నిమిషాలు పట్టింది. సొంతంగ దొరకపట్టాలంటే ఒక పిల్లకు గంట పట్టొచ్చు, రెండు దినాలు పట్టొచ్చు. ఆ రెండు దినాలు ఆ పిల్ల ఏం చేస్తది? కాయితం మీద ఆరు చుక్కలు పెడుతది, గీతలు గీస్తది, కొట్టేస్తది. నలుగురితోని చేసి చూస్తది, ఐదుగురితోని చేసి చూస్తది. తాను అనుకున్నదాన్ని తానే తప్పని తేల్చుకుంటది. ఎవరో పెద్దమనిషి చెప్పిండు గనుక నిజం అని ఒప్పుకోకుండ, ఎందుకు నిజమో చూపెట్టుమని అడిగే గుణం ఒకటి పడుతది. లిస్టు దాన్ని ఇయ్యదు, తీసుకపోదు కూడా.

ఇగ తయారయ్యే సంగతికొద్దాం. మన పిల్లలు ఎట్ల తయారవుతున్నరు? ఎంసెట్ పద్ధతిలో తయారవుతున్నరు. ఎంసెట్‌ను ఇప్పుడు ఈఏపీసెట్ అంటున్నరు, 180 నిమిషాల్లో 160 ప్రశ్నలు. ప్రశ్నకు నిమిషం మీద కొన్ని సెకన్లు. ఐఎన్‌ఎంఓలో 270 నిమిషాలకు 6 లెక్కలు, లెక్కకు 45 నిమిషాలు. ఒకటి బస్సు అందుకోనీకె ఉరుకుడు, ఇంకోటి గుట్ట ఎక్కుడు. ఉరుకుడు నేర్చుకున్న పిల్లను గుట్ట కింద నిలబెడితే ఐదు నిమిషాలు చూసి, రాదు అని పేజీ తిప్పుతది. తెలివి తక్కువై గాదు, ఐదు నిమిషాల కంటె ఎక్కువ ఒక లెక్క ముంగట కూసునే అలవాటు మనం ఇయ్యలేదు గనుక. మేము మాట్లాడిన సార్లు అందరూ ఒప్పుకున్న సంగతి ఇది. దినానికి యాభై లెక్కలు చేసిన అని చెప్పే పిల్ల కంటె, రెండు దినాల సంది ఒకే లెక్క మీద ఉన్న అని చెప్పే పిల్ల సరైన తొవ్వలో ఉన్నట్టు.

సిలబస్ అంటే నాలుగు భాగాలు: బీజగణితం, జ్యామితి, సంఖ్యల గుణాలు, ఇంకా లెక్కపెట్టే ఉపాయాలు, అంటే కాంబినటోరిక్స్. కాలిక్యులస్ అక్కర లేదు. కొత్త పాఠాలు తక్కువనే, ఉన్న పాఠంలోకి లోతుకు దిగుడే ఎక్కువ. పుస్తకాలు అడుగుతున్నరు గనుక చెప్తున్నం. కృష్ణమూర్తి, ప్రాణేశాచార్, రంగనాథన్, వెంకటాచల కలిసి రాసిన ‘చాలెంజ్ అండ్ థ్రిల్ ఆఫ్ ప్రీ కాలేజ్ మ్యాథమెటిక్స్’ ఉన్నది. మొదలు పెట్టనీకె అది చాలు. పాత ప్రశ్నపత్రాలు హోమీ భాభా కేంద్రం వెబ్‌సైట్‌లో పైసా ఖర్చు లేకుండ దొరుకుతయి. వేలకు వేలు పోసి మెటీరియల్ కొనే ముందు ఆ పేపర్లు పదేండ్లయి ప్రింటు తీసుకోండ్రి. ఇవన్నీ ఇంగ్లీషులోనే ఉన్నయి గదా అంటరు. ఆ మాట నిజమే. తెలుగులో ఇసొంటి పుస్తకాలు మీ బడి లైబ్రరీలో ఎన్ని ఉన్నయో లెక్కపెట్టుండ్రి, లెక్క తొందరగనే అయిపోతది. అంతర్జాతీయ పోటీలో మాత్రం ఏ దేశపు పిల్లకు ఆ దేశపు భాషలో పేపర్ ఇస్తరు, తన భాషలోనే రుజువు రాయనిస్తరు. యాభైకి పైగా భాషల్లోకి ఆ ఆరు లెక్కలను తర్జుమా చేస్తరు. కాబట్టి ఇంగ్లీషు సక్కగ రాదని లెక్కకు దూరం పోవద్దు. ఆలోచన తెలుగులోనే చేయుండ్రి, రఫ్ తెలుగులోనే రాయుండ్రి. ‘ఎందుకంటే’, ‘కాబట్టి’, ‘అట్ల గాకపోతే’ అనే మూడు మాటలు సక్కగ వాడొస్తే సగం రుజువు వచ్చినట్టే.

రఫ్ గురించి ఇంకో మాట. రఫ్ కాయితాలు పారెయ్యొద్దు. ఒక లాంగ్ నోట్‌బుక్ పెట్టుకొని, తారీకు వేసి, తప్పిన తొవ్వలు కూడా అందులోనే రాసుకోవాలె. ఒక లెక్క రాక జవాబు చూసిన్రనుకో, తప్పేం లేదు. కానీ చూసి, ఓహో అని తల ఊపి పేజీ తిప్పితే అది మీది కాదు. వారం తర్వాత పుస్తకం మూసి, తెల్లకాయితం మీద మొదట్నుంచి రాయాలె. రాయొస్తేనే మీది. జార్జ్ పోల్యా అనే హంగరీ గణితవేత్త 1945లో లెక్కలు ఎట్ల సాధించాలనే దాని మీదనే ఒక పుస్తకం రాసిండు. లెక్కను అర్థం చేసుకునుడు, ఉపాయం పన్నుడు, చేసి చూసుడు, చేసినంక మల్లొకసారి ఎనకకు తిరిగి చూసుడు అని నాలుగు దశలు చెప్పిండు. మన పిల్లలు నాలుగోది ఎప్పుడూ చేయరు, జవాబు రాంగనే పెన్ను మూస్తరు. ఆ పోల్యా చిన్నప్పుడు తమ దేశపు పోటీకి పోయి, పేపర్ ఇయ్యకుండనే లేచి వచ్చిండని చెప్తరు.

ఇంకోటి, ఒంటరిగ చదవొద్దు. ముగ్గురు నలుగురు కలిసి వారానికి ఒక పూట కూసోవాలె. ఒకరు రుజువు చెప్తుంటే మిగతావాళ్ల పని ఒక్కటే, ‘ఎందుకు?’ అని అడుగుడు. మండల కేంద్రంలో ఉన్న హైస్కూలు పిల్లలు కూడా ఇది చేసుకోవచ్చు, దీనికి ఏసీ క్లాసురూము అక్కర లేదు. వేపచెట్టు కింద కూడా అయితది. పరీక్షకు నెల ముందు నుంచి మాత్రం గడియారం పెట్టుకొని మూడు గంటలు కదలకుండ కూసునుడు అలవాటు చేసుకోవాలె. దరఖాస్తు తారీకులు బడి తెరిచిన కొద్ది దినాలకే వస్తయి. సార్లు యాది పెట్టుకోవాలె. తారీకు దాటినంక తెలిసిన పిల్లలు మాకు చాలామంది తగిలిన్రు, ఆ బాధ వేరే బాధ.

ఇప్పుడు ఫలితం సంగతి.

టీవీలో ‘ఒకటి ఒకటి ఒకటి, రెండు రెండు రెండు’ అని అరిచే ప్రకటనలు వినుకుంట పెరిగిన తరాలు మనయి. ఆ అరుపుల్లో పదకొండు వేలవ ర్యాంకు ఎన్నడన్న విన్నరా? ఆ పదకొండు వేలవ పిల్ల కూడా ఆ కాలేజీకే ఫీజు కట్టింది. చౌరస్తాలో ఫ్లెక్సీ మీద ఫోటో పడ్డోళ్లే పిల్లలు, పడనోళ్లు లెక్కలో లేరు అని మనం పదేండ్ల వయసు సంది నేర్పుతున్నం. నేర్పి, లిస్టు వచ్చిన నాడు ‘ఏం కాదులే బిడ్డా’ అంటే పిల్ల నమ్ముతదా?

మేం కలిసిన ఒక పిల్లగాడి ముచ్చట చెప్తం. పేరు అవసరం లేదు. నాయిన ఆటో నడుపుతడు. పిల్లగాడు తొమ్మిదో తరగతి సంది ఏడాదిన్నర కష్టపడ్డడు, మూడు లాంగ్ నోట్‌బుక్స్ నింపిండు. నాయిన ఆటో ఎక్కినోళ్లందరికి చెప్పుకున్నడు, మావోడు దేశం పరీక్ష రాస్తుండని. రెండు మార్కుల్లో పోయింది. నాయిన తిట్టలేదు, కొట్టలేదు. మూడు దినాలు ఆటో స్టాండుకు పోలేదు, అంతే. పిల్లగాడు ఆ మూడు దినాలు చూసిండు. నాలుగో దినం మూడు నోట్‌బుక్కులు పాత పేపర్ల దుకాణంలో తూకానికేసి వచ్చిండు. సంగతి తెలిసి లెక్కల సారు దుకాణానికి ఉరికిండు, అప్పటికే అవి లారీ ఎక్కినయి.

ఆ నాయిన మీద మాకు కోపం లేదు. ఆయన బతుకంతా మీద కొడుకు గురించి గొప్పగ చెప్పుకునే సందు దొరికింది అదొక్కటే. కానీ పోయిందేంది? సెలెక్షన్ పోలేదు, అది ఆయన చేతిలో ఎన్నడూ లేదు. ఏడాదిన్నర రఫ్ పోయింది. ఏ లెక్క ఎట్ల తప్పిండో, ఎట్ల సరిచేసుకున్నడో అంతా అందులో ఉండె. అది ఏ దుకాణంలో కొందామన్నా దొరకదు.

ఫలితం వచ్చిన నాడు ఏం చేయాలని తల్లిదండ్రులు అడుగుతున్నరు. ముందుగాల ఎక్కువ మాట్లాడొద్దు. ఏడ్వాలనిపిస్తే ఏడ్వనియ్యుండ్రి. ‘గీ దానికే ఏడుస్తరా’ అనొద్దు, ఏడాదిన్నర కష్టం దానికి చిన్నదేం గాదు. ‘పక్కింటోళ్ల పిల్లకు ఎట్ల వచ్చింది’ అసలే అనొద్దు. రామానుజన్ కూడా ఇంటర్ లాంటి పరీక్షలో ఫెయిలయ్యిండు అని ఓదారుస్తుంటరు కొందరు. నిజమే, ఫెయిలయ్యిండు. కానీ పదిహేనేండ్ల పిల్లకు రామానుజన్‌తోని పోలిక ఓదార్పు గాదు, ఇంకో మూట నెత్తినెత్తుడు. అన్నం తిన్నవా అని అడుగుండ్రి. ఆ దినానికి అది చాలు.

వారం పది దినాలు పోయినంక, పిల్ల తనంతట తాను పేపర్ ముంగటేసుకునే దినం వస్తది. అప్పుడు ‘ఎన్ని తప్పినయ్’ అని గాదు, ‘ఏ లెక్క కాడ ఎక్కువసేపు కూసున్నవ్’ అని అడిగి చూడుండ్రి. లెక్క మీకు రాకపోయినా ఆ ప్రశ్న అడగొచ్చు. పిల్లలు గడియారం లేకుండ ఆ పేపర్ మల్ల చేయాలె. వచ్చి కూడా తొందరలో పోగొట్టుకున్నయి వేరు, అసలు ఆ పాఠమే తెలియక వదిలినయి వేరు. మొదటి రకానికి మందు అలవాటు, రెండో రకానికి మందు చదువు. రెండిటికీ కలిపి ‘నాకు లెక్కలు రావు’ అని పేరు పెట్టుకోవద్దు. కటాఫ్ కూడా రాతి మీద చెక్కింది గాదు, ప్రాంతానికి ఒక తీరు ఉంటది. అవే మార్కులతోని ఒక ప్రాంతంలో పై మెట్టుకు పోతరు, ఇంకో ప్రాంతంలో ఆగిపోతరు. ఆ అంకెలో మీ పిల్ల ఎంత ఉన్నదో, పక్కోళ్లు ఎందరు రాసిన్రో కూడా అంతే ఉన్నది.

పై మెట్లు ఎక్కినోళ్లకు సున్నలు రావనుకుంటున్నరా? 2017లో బ్రెజిల్‌లోని రియోలో అంతర్జాతీయ పోటీ జరిగింది. మూడో లెక్క ఒక కనపడని కుందేలు, దాని ఎనక పడ్డ వేటగత్తె గురించి. ప్రపంచం మొత్తం నుంచి ఏరి తెచ్చిన 600 మందికి పైగా పిల్లలు రాస్తే, 7కు 7 మార్కులు ఇద్దరికే వచ్చినయి. ఏడుగురు తప్ప అందరికీ సున్ననే. ఆ సున్న వచ్చినోళ్లు వాళ్ల వాళ్ల దేశాల్లో అందరికంటె ముందున్న పిల్లలు. ఆ ఏడు ఇండియాకు ఒక్క బంగారం రాలేదు, మూడు కంచు పతకాలతోని 52వ స్థానంలో ఉన్నది. 2012 తర్వాత మల్ల బంగారం రానీకె 2019 దాక ఆగాల్సి వచ్చింది. 2024లో ఇంగ్లండ్‌లోని బాత్ నగరంలో నాలుగు బంగారాలు, నాలుగో స్థానం. అప్పటి దాక ఇండియాకు అంత మంచి స్థానం ఎన్నడూ రాలేదు. 2025లో ఆస్ట్రేలియాలో మూడు బంగారాలు, రెండు వెండి, ఒక కంచు, ఏడో స్థానం. 52 నుంచి నాలుగుకు రానీకె ఒక దేశానికే ఏడేండ్లు పట్టింది. తొమ్మిదో తరగతి పిల్లకు ఒక్క ఏడాదిలో కాలేదని నెత్తి పట్టుకునుడు ఏం న్యాయం?

ఇంత చిన్న పరీక్షకు ఇంత మాట్లాడుడెందుకని కొందరనొచ్చు. ఫలితం అనేది పిల్లలను ఏం చేస్తదో మన రాష్ట్రం కండ్లార చూసింది. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు వచ్చినంక కొద్ది దినాల్లోనే ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నరు. అదే ఫలితాల్లో ఒక అమ్మాయికి తెలుగులో సున్న అని వచ్చింది, మల్ల చూస్తే 99 అని తేలింది. సున్నకూ 99కీ నడుమ ఆ అమ్మాయి చదువులో ఏ తేడా లేదు, తేడా అంతా కాయితం మీదనే. అచ్చైన అంకె కూడా తప్పు కావొచ్చని పిల్లలకు అనుమానం రానియ్యని చదువు మనది. ఒలింపియాడ్ లెక్క నేర్పేదేమో ఆ అనుమానమే. ఇది నిజమేనా, ఎవరు చెప్పిన్రు, ఎట్ల తేల్చిన్రు? ఆ ప్రశ్న లెక్క మీద వేసినోళ్లు మార్కుల మెమో మీద కూడా వేయాలె.

ఎవరికన్న నిద్ర పడ్తలేదు, తిండి పోతలేదు, బతుకు మీద ఇష్టం పోతున్నది అనిపిస్తే దాచుకోవద్దు. సారుకు చెప్పుండ్రి, దోస్తుకు చెప్పుండ్రి. 14416 అని టెలి మానస్ నంబరు 2022 నుంచి ఉన్నది, పైసలు పడవు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఆ నంబరు ఇప్పుడే ఫోన్లల్ల ఎక్కించుకోండ్రి. మేం ఆగుతం.

వచ్చేసారి చూసుకుందాం అనే మాట ఎనిమిది, తొమ్మిది తరగతుల పిల్లలకు చెల్లుతది. 12వ తరగతి పిల్లకు వచ్చేసారి అనేది లేదు. ఆ తలుపు మూసుకున్నది, లేదని అబద్ధం చెప్పం. వాళ్లకు చెప్పేది వేరు. డిగ్రీలో గణితం తీసుకున్నోళ్లకు మాధవ గణిత పోటీ అని ఉన్నది, అందులో కూడా రుజువులు రాయాల్సి ఉంటది. ఎండకాలం సెలవుల్లో ఎంటీటీఎస్ అని గణిత శిక్షణ శిబిరాలు 1993 సంది జరుగుతున్నయి. వాటిని మొదలు పెట్టిన ప్రొఫెసర్ కుమరేశన్ తర్వాతి కాలంలో మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పాఠాలు చెప్పినాయనే. ఇంజినీరింగ్ ఒక్కటే చదువు అనుకునే మన ఇండ్లల్ల బీఎస్సీ మ్యాథ్స్ అంటే మొఖం ముడుచుకుంటరు. లెక్క మీద మనసున్న పిల్లను ముడుచుకున్న మొఖాలు ఆపొద్దు.

ఆడపిల్లల సంగతి అడగకుండ పోలేం. ఈ హాల్లో ఎందరున్నరో మీరే చూసుకోండ్రి. పరీక్ష సెంటరు దూరమున్నదని, అన్నకు తోడొచ్చే నాయిన చెల్లెకు ఎందుకులే అన్నడని మాకు ముగ్గురు నలుగురు చెప్పిన్రు. ఆడపిల్లలకే ప్రత్యేకంగ యూరోపియన్ గర్ల్స్ మ్యాథమెటికల్ ఒలింపియాడ్ అని 2012లో మొదలైంది, 2015 నుంచి ఇండియా కూడా పంపుతున్నది. దేశానికి నలుగురు. ఆ నలుగురిని తీసేది కూడా ఐఎన్‌ఎంఓ దారి నుంచే. కాబట్టి మొదటి మెట్టు కాడికి పిల్లను బస్సెక్కించుడు నాయిన పని, అన్న పని.

చాలాసేపు మాట్లాడినం. మాటలు చాలు, ఒక లెక్క చేద్దాం. సారు బోర్డు మీద రాస్తున్నరు. 1 నుంచి 100 దాక ఉన్న సంఖ్యల్లో మీకు నచ్చిన 51 సంఖ్యలు ఏరుకోండ్రి. ఎట్ల ఏరినా, ఒకటి ఇంకోదాన్ని శేషం లేకుండ భాగించే జంట ఒకటి తప్పకుండ దొరుకుతది. ఎందుకు? 50 మాత్రమే ఏరుకుంటే తప్పించుకునే తొవ్వ ఒకటి ఉన్నది, ముందు దాన్ని దొరకపట్టుండ్రి. తల్లిదండ్రులు కూడా చేయొచ్చు, కూడికలు భాగహారాలు వస్తే చాలు. జవాబు మేం చెప్పం, సారు కూడా చెప్పరు. కాయితాలు ఆ బల్ల మీద ఉన్నయి. కొంచెం ముంగటికి వచ్చి కూసోండ్రి, ఎనక లైటు సక్కగ లేదు. ఆఖరి బస్సు ఏడున్నరకు, ఇంకా టైమున్నది.